నోవాను మెడ మీద మోసిన మిసావా

2009 జూన్ 13, శనివారం రాత్రి. హిరోషిమా ఇండోర్ స్టేడియంలో ప్రో రెజ్లింగ్ నోవా సంస్థ ప్రదర్శన చివరి పోటీకి వచ్చింది. ఇద్దరేసి జట్లుగా ఆడే ట్యాగ్ టైటిల్ కోసం ఒకవైపు అకితోషి సైతో, బైసన్ స్మిత్. మరోవైపు కుర్రవాడైన గో షియోజాకి, అతని పక్కన ఆకుపచ్చ పొడుగు టైట్స్‌లో సంస్థ అధ్యక్షుడు మిత్సుహారు మిసావా. ఇంకో ఐదు రోజుల్లో ఆయనకు 47 నిండుతాయి. సైతో వెనక నుంచి నడుము పట్టుకుని ఎత్తి, వెనక్కి వాలుతూ ఆయన్ని కింద పడేశాడు. జపాన్‌లో ఆ పట్టును బ్యాక్‌డ్రాప్ అంటారు. మిసావా తన జీవితంలో వందలసార్లు ఆ పట్టుకు పడి లేచిన మనిషి. ఈసారి లేవలేదు. రిఫరీ షూయిచి నిషినాగా వంగి, కదలగలరా అని అడిగాడు. కదలలేను అని మిసావా చెప్పారు. ఆ వెంటనే స్పృహ పోయింది. ప్రేక్షకుల్లో ఉన్న ఒక వైద్యుడు రింగ్‌లోకి వచ్చి గుండె మీద ఒత్తుతూ ప్రయత్నించాడు. చుట్టూ జనం ‘మిసావా, మిసావా’ అని పిలుస్తూనే ఉన్నారు. రాత్రి 10 గంటల 10 నిమిషాలకు హిరోషిమా విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో ఆయన చనిపోయినట్టు ప్రకటించారు. మెడలోని వెన్నుపాము తెగిపోయింది.

ఈ మరణాన్ని ప్రమాదమని అందరూ అన్నారు. పోలీసులు విచారించి, ఎవరిపైనా కేసు పెట్టలేదు. సైతో తప్పు చేశాడని నేనూ అనను. కానీ ఆ రాత్రి ఆ రింగ్‌లోకి మిసావా ఎందుకు దిగవలసి వచ్చిందన్న ప్రశ్న వేరు. దానికి జవాబు ఆ ఒక్క పట్టులో దొరకదు. జపాన్‌లో రెజ్లింగ్ సంస్థలు పుట్టిన తీరులో వెతకాలి.

మన ఇళ్లలో టీవీలో కనిపించే అమెరికా రెజ్లింగ్‌లో యజమాని చాలావరకు సూటు వేసుకున్న వ్యాపారి. జపాన్‌లో మొదటి నుంచీ కథ వేరు. అక్కడ సంస్థ పెట్టినవాడే సంస్థకు బొమ్మ, పోస్టరు, చివరి పోటీ. దీన్ని మొదలుపెట్టినవాడు రికిడోజాన్. కొరియాలో పుట్టి, సుమోలో పేరు తెచ్చుకుని, అది వదిలేసి 1953లో జపాన్ ప్రో రెజ్లింగ్ సంస్థను నిలబెట్టాడు. 1954 ఫిబ్రవరిలో కెనడాకు చెందిన షార్ప్ సోదరులతో అతని పోటీలను చూడడానికి, వీధుల్లో పెట్టిన టీవీల ముందు జనం గుమిగూడారు. యుద్ధంలో ఓడిన దేశం, తెల్లవాళ్లను చేతి దెబ్బలతో పడగొట్టే ఒక మనిషిని చూసి ఊరట పొందింది. టీవీ కంపెనీలు, స్పాన్సర్లు, టికెట్లు కొనే జనం, అందరి నమ్మకమూ ఆ ఒక్క శరీరం మీదే. 1963 డిసెంబరులో టోక్యో నైట్‌క్లబ్బులో కత్తిపోటు తగిలి వారం రోజుల్లో అతను చనిపోతే, పరిశ్రమ మొత్తం వణికిపోయింది.

అతని శిష్యుల్లో ఇద్దరు, జయంట్ బాబా, ఆంటోనియో ఇనోకి. ఇద్దరూ ఒకే రోజున, 1960 సెప్టెంబరు 30న తొలి పోటీ ఆడారు. ఇద్దరూ 1972లోనే వేర్వేరుగా సంస్థలు పెట్టారు. ఇనోకిది న్యూ జపాన్, బాబాది ఆల్ జపాన్. ఇనోకి 1976లో బాక్సర్ ముహమ్మద్ అలీతో 15 రౌండ్లు తలపడి సంస్థను అప్పుల్లోకి దించాడు, ఎన్నికల్లో గెలిచి పార్లమెంటుకూ వెళ్లాడు. ఆయన కథకు ఇంకో వ్యాసం కావాలి. ఇక్కడ మనకు కావలసినది బాబా.

209 సెంటీమీటర్ల మనిషి బాబా, ఒకప్పటి బేస్‌బాల్ పిచర్, అంటే బంతి విసిరేవాడు. మాట ఇస్తే తప్పడని విదేశీ రెజ్లర్లు కూడా చెప్పుకునే యజమాని. టైటిల్ పోటీల నుంచి తప్పుకున్నాక కూడా మధ్యలో వచ్చే సరదా పోటీల్లో ఆయన దిగేవాడు. ఆ ఎత్తు మనిషి నెమ్మదిగా తాళ్లు దాటి లోపలికి వస్తుంటే చూడడానికే జనం టికెట్ కొనేవారు. 1998 డిసెంబరులో చివరి పోటీ ఆడాడు. మరుసటి జనవరి 31న క్యాన్సర్‌తో కన్నుమూశాడు. 61 ఏళ్లు. అంటే మృత్యువుకు రెండు నెలల ముందు వరకూ యజమాని రింగ్‌లో ఉన్నాడు. మిసావా చూసి నేర్చుకున్న అధ్యక్ష పదవి ఇది.

మిసావా 1962లో హొక్కైదోలోని యూబరి అనే బొగ్గు గనుల ఊళ్లో పుట్టాడు, సైతామాలో పెరిగాడు. కుస్తీకి పేరున్న బడిలో చేరి అమెచ్యూర్ రెజ్లింగ్ నేర్చుకున్నాడు. అదే బడిలో ఒక తరగతి కింద తోషియాకి కవాడా ఉండేవాడు. ఈ పేరు గుర్తుంచుకోండి. 1981లో బాబా దగ్గర చేరిన మిసావాను మెక్సికోకు పంపి, 1984లో తిరిగి రప్పించి టైగర్ మాస్క్ వేషం కట్టారు. కామిక్ పుస్తకం నుంచి పుట్టిన ఆ పాత్రను అప్పటికే సతోరు సయామా ఇనోకి సంస్థలో ఆడి దేశమంతా మార్మోగించాడు. రెండో టైగర్ మాస్క్‌గా మిసావా ఎంత బాగా ఎగిరినా, పులి ముఖం వెనక ఉన్న మనిషి జనానికి కనపడలేదు.

1990లో ఆల్ జపాన్‌కు పెద్ద దెబ్బ తగిలింది. అగ్రశ్రేణి రెజ్లర్ గెనిచిరో తెన్ర్యూ, కళ్లద్దాల దుకాణాల కంపెనీ డబ్బుతో పెట్టిన కొత్త సంస్థకు వెళ్లిపోయాడు. వెనకే మరికొందరు. ఆ మే 14న, టోక్యోలో ట్యాగ్ పోటీ నడుస్తుండగానే మిసావా తన జతగాడు కవాడా వైపు తిరిగి, మాస్క్ తాళ్లు విప్పమన్నాడు. కవాడా వేళ్లు తల వెనక ముడుల మీద ఆడుతుంటే హాలంతా లేచి నిలబడింది. మాస్క్ జనంలోకి వెళ్లిపడింది. చెమటతో తడిసిన జుట్టు, బిగుసుకున్న దవడ, ఎదురుగా ఉన్నవాడి మీద మోచేతి దెబ్బలు. మూడు వారాల తర్వాత, జూన్ 8న టోక్యోలోని నిప్పన్ బుడోకాన్ హాలులో సంస్థ పెద్దదిక్కు జంబో త్సురుతాను ఓడించాడు. ఆ రాత్రి ఏడ్చిన అభిమానులు ఉన్నారు. ఫలితం ముందే నిర్ణయమైన పోటీలో ఏడుపు ఎందుకని అడిగేవారికి ఒక్కటే చెప్పగలను. గెలిచేది ఎవరన్నదే ముందు నిర్ణయమవుతుంది. పడడం మాత్రం నిజంగానే పడాలి.

ఆ పడడమే తర్వాతి పదేళ్లలో మితిమీరింది. మిసావా, కవాడా, కెంటా కొబాషి, అకిరా తావే. ఈ నలుగురినీ బౌద్ధ ఆలయాలను కాచే నలుగురు దిక్పాలకుల పేరుతో ‘షితెన్నో’ అని పిలిచారు. కత్తులు, కుర్చీలు, మోసాలు లేకుండా, కేవలం శరీరాలతో అరగంట, నలభై నిమిషాలు నడిచే పోటీలు అవి. 1994 జూన్ 3న మిసావా, కవాడా బుడోకాన్‌లో తలపడిన పోటీని ఇప్పటికీ ఈ కళలో శిఖరమని చెబుతారు. అది నిజమేనని నా నమ్మకం. అయితే జనం నిన్న చూసి ఉలిక్కిపడిన పట్టుకు ఇవాళ ఉలిక్కిపడరు. అందుకని పట్లు ఏటేటా మరింత ఎత్తు నుంచి, మరింత నిటారుగా, మెడ మీదకు దిగసాగాయి. 1994 నాటి ఆ పోటీ చివర్లో మిసావా, కవాడాకు వేసి గెలిచిన టైగర్ డ్రైవర్ 91 అలాంటిదే. చేతులు రెండూ వెనక్కి బిగించి, ఎత్తి, తల నేలకు తగిలేలా వదలడం. అడ్డుపెట్టుకోవడానికి పడేవాడికి చేతులు ఉండవు. మిసావా వేయడమే కాదు, అంతకు రెండింతలు పడ్డాడు. పడడంలో ఆయన్ని మించినవాడు లేడని తోటివాళ్లు అనేవారు. ఆ మాటే ఆయనకు శాపమైందని నాకనిపిస్తుంది. ఎంత పడేసినా లేస్తాడని అందరూ నమ్మారు.

బాబా పోయాక, 1999 మేలో మిసావా ఆల్ జపాన్ అధ్యక్షుడయ్యాడు. కానీ వాటాల్లో అధికభాగం బాబా భార్య మోతోకో చేతిలో ఉంది. సంస్థను నడిపే తీరు మార్చాలని మిసావా, భర్త నడిపినట్టే నడవాలని ఆమె. ఏడాది తిరగకుండానే ఇద్దరి మధ్య పొసగలేదు, 2000 మే చివర ఆయన్ని అధ్యక్ష పదవి నుంచి తప్పించారు. జూన్ 16న మిసావా విలేకరుల ముందు కూర్చుని కొత్త సంస్థ పెడుతున్నట్టు చెప్పాడు. ఆయన వెంట దాదాపు అందరూ నడిచారు. ఆల్ జపాన్‌లో మిగిలిన జపాన్ రెజ్లర్లు ఇద్దరే, మసనోబు ఫుచి, కవాడా. మాస్క్ ముడి విప్పిన చేతులే వెనక ఉండిపోయాయి.

కొత్త సంస్థకు పేరు నోవా, జలప్రళయంలో జీవులను ఎక్కించుకున్న ఓడ కథ నుంచి. ఆగస్టు 5న టోక్యో అరియాకేలోని డిఫర్ హాలులో తొలి ప్రదర్శన. రింగ్ బట్ట కూడా ఆకుపచ్చే, మిసావా రంగు. దశాబ్దాలుగా బాబా సంస్థతో ఉన్న నిప్పన్ టీవీ కూడా ఓడెక్కింది. కొన్నేళ్లు నోవా బ్రహ్మాండంగా సాగింది. 2003 మార్చి 1న బుడోకాన్‌లో కొబాషి చేతిలో మిసావా టైటిల్ పోగొట్టుకున్నాడు. ఆ పోటీలోనే రింగ్‌కు నడిచివచ్చే ర్యాంపు మీద నుంచి కింది నేల మీదకు కొబాషిని వెనక్కి విసిరాడు. అది చూసి నేను కాసేపు వీడియో ఆపేశాను. 2004, 2005లో టోక్యో డోమ్ అనే పెద్ద స్టేడియంలో ప్రదర్శనలు. రెండోదానికి చివరి పోటీ మిసావా, కవాడాలదే.

అధ్యక్షుడు ఒక కొత్త తారను తయారుచేసి తాను పక్కకు జరగాలి. మిసావా ఆ ప్రయత్నం చేయకపోలేదు. కొబాషికి రెండేళ్లు టైటిల్ ఉంచాడు, యువకులను ముందుకు తోశాడు. 2006లో కొబాషికి కిడ్నీ క్యాన్సర్ వచ్చింది. టికెట్లు తగ్గసాగాయి. పోస్టరు మీద ఎవరి ముఖం వేస్తే హాలు నిండుతుందన్న లెక్క మళ్లీ మిసావా దగ్గరకే వచ్చింది. 2006 డిసెంబరులో, 44 ఏళ్ల వయసులో టైటిల్ తిరిగి తీసుకుని 2008 మార్చి దాకా మోశాడు. పగలు ఆఫీసు పనులు, టీవీ వాళ్లతో బేరాలు, ఊరూరా బస్సు ప్రయాణం, రాత్రి మెడ మీద పడడం. ఆ మెడ ఎప్పటి నుంచో పాడైందని ఆయన దగ్గరివారందరికీ తెలుసు. ఫ్యాక్టరీ యజమాని యంత్రం పాడైతే మరమ్మతుకు పంపుతాడు. ఇక్కడ యంత్రమూ ఆయనే. సెలవు మంజూరు చేసేవాడు, సెలవు అడగవలసినవాడు ఒక్కడే అయినప్పుడు, ఆ సెలవు ఎన్నటికీ రాలేదు.

2009 మార్చిలో నిప్పన్ టీవీ రెగ్యులర్ చానల్‌లో నోవా ప్రసారాలు ఆపేసింది. ప్రసార హక్కుల డబ్బు ఆగింది. ఇక మిగిలింది హాళ్లలో టికెట్ల ఆదాయం. మే 6న మిసావా, షియోజాకి కలిసి ట్యాగ్ లీగ్ గెలిచారు. షియోజాకిని తన పక్కన నిలబెట్టి జనానికి పరిచయం చేయడమే ఆ జోడీ ఉద్దేశం. ఆ విజయంతో వచ్చిన టైటిల్ పోటీయే హిరోషిమాది.

మర్నాడు, జూన్ 14న ఫుకుఓకా హకాతాలో ముందే ప్రకటించిన ప్రదర్శన ఉంది. రద్దు చేయలేదు. అప్పటి ఛాంపియన్ జున్ అకియామా నడుము గాయంతో టైటిల్ వదులుకున్నాడు. ముందు రాత్రి అధ్యక్షుడి పక్కన నిలబడిన షియోజాకి, తకేషి రికియోను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. తర్వాత అధ్యక్షుడైనవాడు తావే. ఆయనా రెజ్లరే, నలుగురు దిక్పాలకుల్లో ఒకడే. 2013లో రిటైరయ్యే వరకూ పదవిలో ఉంటూనే రింగ్‌లోకి దిగాడు.

నోవా చాలా చేతులు మారింది. 2020లో ఇంటర్నెట్ వ్యాపారం చేసే సైబర్ఏజెంట్ కొనుక్కుంది. డబ్బు ఇప్పుడు రింగ్ బయటి నుంచి వస్తుంది. న్యూ జపాన్ కూడా అంతకు ముందే అదే దారిలో వెళ్లింది. 2005లో ఇనోకి వాటాలను ఒక వీడియో గేముల కంపెనీ కొంటే, 2012లో కార్డు ఆటల కంపెనీ బుషిరోడ్ చేతికి వచ్చింది. చిన్న సంస్థల్లో మాత్రం పాత పద్ధతే. 2022 ఏప్రిల్‌లో జీరో వన్ అనే సంస్థకు మూలస్తంభమైన షింజిరో ఒతాని, 49 ఏళ్ల వయసులో, తన సంస్థ రింగ్‌లోనే మెడ వెన్నుపాము దెబ్బతిని పడిపోయాడు. 2023 డిసెంబరులో పెద్ద సంస్థలన్నీ కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న పని అది. మెడ బాగాలేని మనిషిని, అతను ఎంత పెద్ద పేరైనా, రింగ్‌లోకి వెళ్లనివ్వకుండా ఆపే అధికారం ఆ సమాఖ్య వైద్యుడికి ఇవ్వాలి. అది తప్ప మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

అకితోషి సైతో మిసావా పోయిన మర్నాడే హకాతాలో ఆయన ఫొటో ముందు నేలకు తల ఆనించి మోకరిల్లాడు. అదే రాత్రి పోటీకి దిగాడు. ఆ తర్వాత ఎన్నో నిందలు వచ్చాయి. అతను రెజ్లింగ్ వదలలేదు. 2024 నవంబరులో, 59 ఏళ్ల వయసులో, నగోయాలో నోవా రింగ్‌లోనే తన చివరి పోటీ ఆడాడు.