చేతి మర మీద అచ్చయిన పుస్తకం: అపోహలు - వాస్తవాలు

చేతి మర మీద పుస్తకాలు అచ్చు వేస్తానని చెబితే చాలామంది మొదట అడిగేది, "అక్షరాలు బాగా లోతుగా దిగుతాయా?" అని. జవాబు కోసం నేను ఒక చిన్న పుస్తకం దగ్గరికి వెళ్తాను. 1894లో లండన్ హామర్‌స్మిత్‌లో ఇంగ్లీషు కవి, అలంకార శిల్పి విలియం మోరిస్ తన సొంత అచ్చుశాల కెల్మ్‌స్కాట్ ప్రెస్‌లో వేసిన ఆమీ, ఆమీల్ స్నేహ కథ అది. 13వ శతాబ్దపు ఫ్రెంచి వచన కథ. ఇంగ్లీషులోకి తెచ్చిందీ మోరిసే. స్నేహితుడి కుష్ఠు నయం కావాలంటే తన కన్నపిల్లల నెత్తురు కావాలి. అప్పుడు ఆ తండ్రి ఏం చేశాడన్నదే కథ.

అపోహ: కాగితం గుంటపడితేనే మంచి అచ్చు.

ఈ మోజు పెళ్లి శుభలేఖల నుంచి వచ్చింది. శుభలేఖకు ఒక వైపే అచ్చు. పుస్తకానికి రెండు వైపులా. ఇటు గుంట అటు బుడిపె అయిందంటే ఆ పేజీ చదవలేం. కాగితాన్ని తడిపేది గుంట కోసం కాదు. చెమ్మ పట్టిన కాగితం మెత్తబడి, తక్కువ సిరాతోనే నల్లని అచ్చు ఇస్తుంది. చెమ్మ ఎంతంటే, ఆరేసిన చీరను ఇంకా మడతపెట్టకూడదు అనిపించేంత. అంతకు మించితే అక్షరం అంచు ఊరుతుంది. ఈ పని వేళ్లకు తెలియడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది. అచ్చు కాస్త దిగుతుంది, నిజమే. దాన్ని కోరి దించం.

అపోహ: అందమంతా తీగలూ పువ్వులూ వేసిన అంచుల్లోనే.

మోరిస్ అంచులు చూసి ముచ్చటపడని వాళ్లుండరు. నేను మాత్రం ముందు చూసేది ఖాళీ. ఎదురెదురు రెండు పేజీలు కలిపి ఒకే బొమ్మ అన్నది ఆయన పట్టుదల. కుట్టు వైపు మార్జిన్ అన్నిటికన్నా తక్కువ. పైన, బయట, కింద ఒక్కోటీ ముందుదానికన్నా సుమారు 20 శాతం పెరగాలి. లోపల 10 మిల్లీమీటర్లయితే పైన 12, బయట 14కు కాస్త పైన, కింద 17. స్కేలు పెట్టి ఒక పేజీ గీసి చూడండి. కింద పట్టుకున్న బొటనవేలు అక్షరాల మీద పడదు.

మాటల మధ్య ఎడం కూడా పలచనే, పంక్తులు దగ్గర దగ్గరగా. దీన్ని తెలుగులో యథాతథంగా పెట్టబోయి దెబ్బతిన్నాను: "స్త్రీ" కింది వత్తు కింది పంక్తిలోని గుడిని ఢీకొట్టింది. మన లిపికి మన ఎడం కావాలి.

అపోహ: ఇది మధ్యయుగపు పుస్తకానికి నకలు.

కాదు. మోరిస్ అనువాదానికి తీసుకున్న ఫ్రెంచి పాఠం 1856లో పారిస్‌లో అచ్చయిన సంకలనంలోది. అక్షరాలు ఆయన గీసిన "చాసర్" టైపు, సైజు 12 పాయింట్లు. 15వ శతాబ్దపు జర్మన్ అచ్చుల నుంచి నేర్చుకున్న పోకడ. సీసపు అక్షరాలు పోత పోయడానికి మూలమైన ఉక్కు పంచ్‌లు (అక్షరం చెక్కిన కడ్డీలు) చెక్కింది ఎడ్వర్డ్ ప్రిన్స్.

అపోహ: అంతా చేత్తోనే, ఆధునికత సోకలేదు.

మర ఆల్బియన్ అనే ఇనుప చేతి మర, నడిపేది మనిషే. కానీ పాత అక్షరాల ఫొటోలు పెద్దవి చేయించి, వాటి మీద కన్ను సాధన చేశాకే మోరిస్ తన మొదటి టైపు గీశాడు. మళ్లీ మళ్లీ వాడే అలంకారాక్షరాలకు, కొయ్య దిమ్మ అరిగిపోకుండా, విద్యుత్తుతో రాగి నకళ్లు తీయించేవాడు. పనికొచ్చే ఏ పద్ధతినీ ఆయన వెలివేయలేదు.

అపోహ: తోలు మీద అచ్చే శ్రేష్ఠం.

ఈ కథ ప్రతులు కాగితం మీద 500, వెల్లం అనే దూడ తోలు మీద 15. అరుదుగా ఉన్నవాటికే ధర. కానీ తోలు గాలిలో చెమ్మకు ముడుచుకుంటుంది. కెంట్‌లో జోసెఫ్ బాచెలర్ నార గుడ్డల పీలికలతో చేయించిన కాగితమే నాకు ఇష్టం. ఒక కాగితం వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నీటిగుర్తు (వాటర్‌మార్క్), కాగితం చేసిన జాలి తీగల గీతలు కనిపిస్తాయి.

ఈ పుస్తకంలో ఎర్ర సిరా పంక్తులూ ఉన్నాయి. అవి నల్లవాటితో ఒకేసారి పడవు. అదే కాగితం మళ్లీ మర ఎక్కాలి, కాగితాన్ని చోటు తప్పకుండా పట్టే సూదులు మొదటిసారి పొడిచిన చిల్లుల్లోనే కూర్చోవాలి. ఈలోగా కాగితం ఆరి కొంచెం కుంచించుకుందో, ఎరుపు పక్కకు జరిగిపోతుంది.