చిన్న ప్యాకెట్లు వెళతాయి, పెద్దవి మాయమవుతాయి: ఎంటీయూ తగాదా నేపథ్యం

ఆపరేటింగ్ సిస్టమ్‌ను అప్‌డేట్ చేశాక సర్వర్ వింతగా మొండికేస్తుంది. పింగ్‌కు (అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే చిన్న పలకరింపు) జవాబు వస్తుంది, లాగిన్ కూడా అవుతుంది. పెద్ద ఫైలు పంపబోతే మాత్రం కదలదు. నింద అప్‌డేట్ మీద పడుతుంది కానీ, చిక్కుముడి అంతకు చాలా ముందే పడింది.

డిజిటల్, ఇంటెల్, జెరాక్స్ సంస్థలు 1980లో ప్రకటించిన ఈథర్‌నెట్ ప్రమాణం ఒక్కో ఫ్రేములో (ప్యాకెట్‌ను, అంటే సమాచారపు మూటను, తీగ మీద మోసుకెళ్లే చట్రం) పట్టే సమాచారాన్ని 1500 బైట్లకు పరిమితం చేసింది. ఈ హద్దే ఎంటీయూ, అంటే ఒక్కసారికి పంపగల గరిష్ఠ పరిమాణం. తర్వాత వచ్చినవి కొన్ని దానిని అటో ఇటో జరిపాయి. డీఎస్‌ఎల్ (ఫోన్ తీగ మీద వచ్చే ఇంటర్నెట్) కనెక్షన్లలో వాడే పీపీపీఓఈ అనే పద్ధతి తన వాటాగా 8 బైట్లు తీసుకుని 1492 మిగిల్చింది. రహస్య సొరంగంలా పనిచేసే వీపీఎన్ వైర్‌గార్డ్ మామూలుగా 1420తో సరిపెట్టుకుంటుంది. డేటా సెంటర్లు మాత్రం 9000 బైట్ల జంబో ఫ్రేములకు ఎగబాకాయి.

ఈ తేడాలను సర్దడానికి 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1191 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చింది. ప్యాకెట్‌ను ముక్కలు చేయవద్దన్న గుర్తుతో పంపాలి. ముందున్న దారిలో అది పట్టకపోతే రౌటర్ దానిని పారేసి, ఎంత పడుతుందో ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలను తెలిపే సందేశాల పద్ధతి) ద్వారా పంపినవాడికి కబురు పంపాలి. చక్కని ఏర్పాటే. అయితే భద్రత పేరుతో ఐసీఎంపీని గంపగుత్తగా ఆపేసే ఫైర్‌వాల్‌లు ఆ కబురునూ మింగేశాయి. పంపినవాడు అదే ప్యాకెట్‌ను పదే పదే పంపుతూనే ఉంటాడు. 2000లో ఆర్‌ఎఫ్‌సీ 2923 ఈ జబ్బును ‘బ్లాక్ హోల్’ అంది. ఐసీఎంపీ మీద ఆధారపడని పద్ధతి 2007లో వచ్చినా, లినక్స్ కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) సమాచారాన్ని నమ్మకంగా చేరవేసే టీసీపీకి అది మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది.

అందుకే నిర్వాహకులు తగిన ఎంటీయూను చేత్తో రాసి పెట్టుకున్నారు, ఒక ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ కార్డుకు సిస్టమ్ పెట్టే గుర్తు) పేరు మీద, ఒక ఫైల్లో. అప్‌డేట్లు దెబ్బతీసేది సరిగ్గా అక్కడే. 2013లో లినక్స్ సేవలను నడిపే సిస్టమ్‌డీ ఈథ్0 తరహా ఇంటర్‌ఫేస్ పేర్లకు బదులు కొత్త పేర్లు తెచ్చింది. పాత పేర్లను నిలిపి ఉంచే యూడెవ్ (పరికరాలను గుర్తించి పేర్లు పెట్టే భాగం) నియమాల ఫైలుకు లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 10 నుంచి అధికారిక మద్దతు లేదు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 నెట్‌వర్క్ అమరికలు రాసి ఉండే పాత ఐఎఫ్‌సీఎఫ్‌జీ ఫైళ్లను చదవడమే మానేసింది. ఇలా పేరో ఫైలో మారితే రాసిన సంఖ్యకు దిక్కుండదు. కార్డు చడీచప్పుడు లేకుండా 1500కు వచ్చేస్తుంది. ఎర్రర్ సందేశం కూడా ఉండదు, చిరాకంతా అదే.

కాబట్టి ముందు ఇంటర్‌ఫేస్ పేరు, దాని ప్రస్తుత ఎంటీయూ చూడాలి. తర్వాత ముక్కలు చేయవద్దన్న షరతుతో 1472 బైట్ల పింగ్ పంపాలి. ఐపీ, ఐసీఎంపీ శీర్షికల 28 కలిపితే సరిగ్గా 1500. వెళ్లకపోతే తగ్గించుకుంటూ పోవాలి, వెళ్లిన అతిపెద్ద పరిమాణానికి 28 కలిపితే దారి హద్దు తెలుస్తుంది. ఆ సంఖ్యను కొత్త ఫైల్లో రాస్తే పని జరుగుతుంది, కానీ అది పైపూతే. ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క ఐసీఎంపీ కబురుకు దారి ఇవ్వడమే అసలు మందు.