నొప్పుల గోలీ వెంట వచ్చిన గ్యాస్ గోలీ

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి వైపు పెద్దవాళ్ల దగ్గర రెండు రకాల గోలీలు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి నొప్పులది, ఇంకోటి గ్యాస్‌ది. ఊరి ఆర్ఎంపీ రెండూ కలిపే ఇస్తాడు. "అవ్వా, పరగడుపున ఇది ఏసుకో, తిన్నంక అది ఏసుకో" అంటాడు. మా అమ్మమ్మ ఏళ్ల తరబడి అట్లనే మింగింది. ఈ జంట మా ఊళ్లకు ఎట్లా చేరిందో చెప్పాలంటే ముందు నీళ్ల సంగతి చెప్పాలి.

తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందిస్తే, దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పడింది. అంతటి పేరు మా నీళ్లకు! మిషన్ భగీరథతో నదినీళ్లు ఇంటికి వచ్చాయి గానీ, అప్పటికే బిగుసుకుపోయిన కీళ్లు, వంగిన నడుములు నీళ్లు మారినంత మాత్రాన బాగుకావు. పాలమూరు వైపు నొప్పులకు ఇంకో కారణం కూడా ఉంది. వలసపోయి ఏళ్లకేళ్లు మట్టి, రాళ్లు మోసిన ఒళ్లు అవి. ఎక్కడైనా చేతికి అందింది డైక్లోఫెనాక్ లాంటి గోలీయే. నొప్పిని తగ్గించే ఈ మందు, కడుపు లోపలి పొరను కాపాడే పదార్థాల తయారీని కూడా తగ్గిస్తుంది. దాంతో పొర పలచబడి పుండు పడొచ్చు.

కడుపులో పుండుకు కారణం ఆమ్లమేనని వైద్యులు చాలాకాలం నమ్మారు. 'ఆమ్లం లేనిదే పుండు లేదు' అన్న మాట 1910 నాటిది. పుండు ముదిరితే కడుపులో కొంత భాగం కోసేసేవాళ్లు. 1976లో బ్రిటన్‌లో ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్ అనే మందు వచ్చాక ఆ ఆపరేషన్లు తగ్గుతూ వచ్చాయి. దాని వెనకున్న శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. 1981లో రానిటిడిన్, 1988లో ఒమెప్రజోల్ వచ్చాయి. మనం గ్యాస్ గోలీ అనేది ఇట్లాంటివాటినే. కడుపులో ఆమ్లాన్ని వదిలే పంపులనే ఒమెప్రజోల్ ఆపేస్తుంది. పంపులు తిండి తినేటప్పుడే బాగా పనిచేస్తాయి కాబట్టి అరగంట ముందు వేసుకోమంటారు.

ఈ మందులు మన దగ్గర ఇంత చవకగా దొరకడానికి 1970 నాటి పేటెంట్ చట్టం ఒక పెద్ద కారణం. మందుకు కాకుండా, తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చిన ఆ చట్టంలోని నియమం 2005 దాకా నడిచింది. హైదరాబాద్ కంపెనీలు వేరే పద్ధతుల్లో అవే మందులు తయారుచేశాయి. ఒమెప్రజోల్ గోలీ ఒమెజ్ అట్లా ఇంటింటి పేరైంది. జింటాక్, రాంటాక్ పేర్లతో అందరికీ తెలిసిన రానిటిడిన్‌లో మాత్రం క్యాన్సర్ అనుమానమున్న మలినం 2019లో బయటపడింది. 2022లో మన అత్యవసర మందుల జాబితా నుంచి దాన్ని తీసేశారు.

ఈలోపు అసలు సంగతి ఇంకోటి తేలింది. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ పుండు వెనక ఒక బ్యాక్టీరియా ఉందని కనుక్కున్నారు. అందరూ కొట్టిపారేస్తుంటే మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. హెలికోబాక్టర్ పైలోరి అనే ఈ క్రిమి ఉంటే గ్యాస్ గోలీ ఒక్కటే చాలదు, యాంటీబయాటిక్‌లు కూడా సుమారు రెండు వారాలు వాడాలి. రోజూ గ్యాస్ గోలీ మింగే మనిషికి పరీక్ష చేస్తే, క్రిమి ఉన్నా లేనట్టు రావచ్చు. అందుకే పరీక్షకు రెండు వారాల ముందు డాక్టర్‌ను అడిగి గోలీ ఆపాలి. ఈ మాట ఊళ్లో ఎవరూ చెప్పరు.

గ్యాస్ గోలీ చెడ్డదని నేననను. నొప్పుల మందు తప్పనిసరైన పెద్దవాళ్లకు అది నిజంగానే కాపుదల. కానీ మా అమ్మమ్మ మంట లేని రోజు గ్యాస్ గోలీ మానేసేది, నొప్పులది మాత్రం ఒక్కరోజూ మానలేదు. తారులాగా నల్లగా విరేచనమైతే, అది లోపల రక్తం కారుతున్న గుర్తే అయినా, నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎండోస్కోపీలో పుండు కనబడింది. గ్యాస్ గోలీ ఎనిమిది వారాలు వాడమని, నొప్పుల గోలీ ఇక ముట్టొద్దని డాక్టర్ చెప్పాడు.

"మరి మోకాళ్లకు ఏమేసుకోవాలె సారూ?" అని అడిగింది అమ్మమ్మ.