డనిచ్: రేవు పోయాకే ఊరు పోయింది

ఇంగ్లండ్ తూర్పు తీరంలో సముద్రపు కోతకు ఇళ్లు కూలిన ప్రతిసారీ డనిచ్ ప్రస్తావన వస్తుంది. 2023 మార్చిలో నార్‌ఫోక్‌లోని హెమ్స్‌బీలో ఇళ్లు కూల్చేయాల్సి వచ్చినప్పుడూ అంతే. 'సముద్రం మింగిన ఊరు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. నాకైతే అది సగం కథే అనిపిస్తుంది.

సఫోక్ తీరంలోని డనిచ్‌లో ఇప్పుడు మిగిలింది గులకరాళ్ల బీచ్, ఓ పబ్, చిన్న మ్యూజియం, కాసిన్ని ఇళ్లు. మధ్యయుగంలో అది పెద్ద రేవు పట్టణం. 1086 నాటి డూమ్స్‌డే సర్వేలో, అంటే ఇంగ్లండ్ రాజు వేయించిన భూముల, ఆస్తుల లెక్కలో, మూడు చర్చిలు, శిస్తు కింద 68,000 హెర్రింగ్ చేపలు రాసి ఉన్నాయి. సాగుభూమిలో కొంత అప్పటికే సముద్రం పాలైందని కూడా అందులోనే ఉంది. అంటే కోత కొత్తేమీ కాదు. చేతిలో వ్యాపారం ఉన్నంతకాలం ఊరు తట్టుకుంది.

1286 నుంచి వరుసగా తుపాన్లు కొట్టాయి. వాటిలో అసలు దెబ్బ 1328లో తగిలింది. అలలు తోసుకొచ్చిన గులకరాళ్లతో రేవు ముఖం పూడిపోయి, రేవు దగ్గర సముద్రంలో కలిసే నది ఉత్తరాన ఉన్న వాల్బర్స్‌విక్ ఊరి వైపు దారి చేసుకుంది. ఓడలు అటే పోయాయి, సుంకాలూ అటే పోయాయి. ఆ సుంకాల కోసం ఇరుగుపొరుగు ఊళ్లతో ఏళ్ల తరబడి తగాదాలు. 1347 తుపానులో దాదాపు 400 ఇళ్లు పోయాయంటారు. రాబడి లేని ఊళ్లో మళ్లీ కట్టేదెవరు?

చిత్రమేమిటంటే, ఇళ్లు పోయినా పార్లమెంటు సీట్లు పోలేదు. ముప్పై మందికి అటూ ఇటూ ఓటర్లున్న డనిచ్, ఇలాంటి సీట్లను రద్దు చేసిన 1832 సంస్కరణల చట్టం దాకా ఇద్దరు ఎంపీలను పంపుతూనే ఉంది. పెద్దమనుషుల జేబులో ఉన్న సీటును అలలు ఏం చేయగలవు!

ఆల్ సెయింట్స్ చర్చి దగ్గరికి కోత 1904లో చేరింది. చర్చి ముక్కలు ముక్కలుగా కూలింది. 1919లో గోపురం కూడా సముద్రంలో పడింది. శ్మశానం కోతకు గురై గట్టులోంచి ఎముకలు పైకి తేలేవి. చర్చి ఆధారపు గోడ ముక్క ఒకటి మాత్రం సెయింట్ జేమ్స్ చర్చి ఆవరణకు తరలించారు. సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్లు సోనార్‌తో, అంటే ధ్వని తరంగాలతో, నీటి అడుగున శిథిలాలకు మ్యాప్ వేశారు. అక్కడి బురద నీళ్లలో కంటికి ఏమీ ఆనదు మరి.

ఇప్పుడు తీరంలో చాలాచోట్ల గోడలు కట్టకుండా వదిలేయాలన్నదే సర్కారు ప్లాన్. కోతకు ఇల్లు పోతే ఇంగ్లండ్‌లో నష్టపరిహారం లేదు. కూల్చివేత ఖర్చుకు 6,000 పౌండ్ల వరకు గ్రాంటు మాత్రం ఉంది.