ముందు చొక్కా పైకెత్తండమ్మా

"రాత్రి 102 ఉందండీ, మందు వేస్తే తగ్గింది, పొద్దున మళ్లీ 101." పిల్లల డాక్టరు గదిలో మాట సాధారణంగా ఇలాగే మొదలవుతుంది. డాక్టరు వింటూనే బిడ్డ చొక్కా పైకెత్తమని, పొట్ట వైపు కాసేపు మాటాపలుకూ లేకుండా చూస్తారు. మన మాట పట్టించుకోలేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఆ కాసేపట్లో జరిగేది ఊపిరుల లెక్క.

జ్వరం అంకె పెద్దదైతే జబ్బూ పెద్దదే అనుకుంటాం. మామూలు వైరస్‌కే 103 రావచ్చు, న్యుమోనియాలో జ్వరం ఓ మోస్తరుగానే ఉండొచ్చు. మూడు నెలల లోపు పసికందు సంగతి మాత్రం వేరు. 100.4 చేరితే, పైకి హుషారుగా కనిపించినా సరే, వెంటనే చూపించాలి.

ఊపిరి లెక్కకు ఇంత విలువ ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. పాపువా న్యూగినీ కొండల్లోని గొరోకాలో ఫ్రాంక్ షాన్ అనే పిల్లల డాక్టరుకి ఒక చిక్కు ఎదురైంది. ఎక్స్‌రే ఉండదు, స్టెతస్కోపులో వినిపించే చప్పుళ్లు పోల్చుకోవడం అందరికీ పట్టుబడదు. మరి దగ్గే పిల్లల్లో ఎవరికి యాంటీబయాటిక్ కావాలో ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తకి తెలిసేదెలా? నిమిషానికి 50 దాటిన ఊపిరి న్యుమోనియాను పట్టించే నమ్మదగిన గుర్తని ఆయన బృందం 1984లో ప్రకటించింది. మన పొరుగున వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 1988లో ఆ లెక్కకు వయసు జోడించారు: ఏడాది లోపు 50, ఆపైన 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటికీ చెప్పే హద్దులు దాదాపు ఇవే. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40. అంతకు చేరినా, మించినా ఊపిరి వేగంగా ఉన్నట్టే.

న్యుమోనియాలో ఊపిరితిత్తుల్లోని గాలిగదుల్లో చీమూ నీరూ చేరి, అవి బిర్రబిగుస్తాయి. వాటిని నిండుగా సాగదీయాలంటే బోలెడు శ్రమ. అందుకని శరీరం లోతు తగ్గించి, వేగం పెంచుతుంది. చిన్న చిన్న ఊపిరులు, ఎక్కువసార్లు. అలాగని వేగం పెరిగిందంటే న్యుమోనియానే అనలేం. ఉబ్బసంలోనూ పెరుగుతుంది, ఒట్టి జ్వరానికీ కొంత పెరుగుతుంది. ఆ తేడా తేల్చడానికే మిగతా పరీక్షలు.

ఈ లెక్క ఇంట్లోనూ పెట్టుకోవచ్చు. బిడ్డ ఏడుస్తున్నప్పుడు కాదు, నిద్రలోనో నెమ్మదిగా ఉన్నప్పుడో. పొట్ట ఒకసారి లేచి పడితే ఒకటి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయకండి. పసిపిల్లలు మధ్యలో కొన్ని సెకన్లు ఊపిరి ఆపి మళ్లీ అందుకుంటారు కాబట్టి నిండు నిమిషం చూడాల్సిందే. ఫోన్‌లో వీడియో తీస్తే ఇంకా మంచిది. రాత్రి ఆయాసపడ్డ బిడ్డ డాక్టరు ముందు కిలకిలా నవ్వడం మామూలే.

వేగం కన్నా గట్టి గుర్తు ఇంకొకటి ఉంది. పసిపిల్లల పక్కటెముకలు మెత్తన. ఊపిరి కోసం డయాఫ్రమ్, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, బలంగా గుంజితే, ఛాతీ కింది భాగం ఉబ్బాల్సింది పోయి లోపలికి పోతుంది. నాయనమ్మలు "డొక్కలు ఎగరేస్తున్నాడు" అనేది దీన్నే. వాళ్లు గమనించింది నూటికి నూరుపాళ్లు సరైనదే, ఆ తర్వాత కొన్నిచోట్ల పొట్ట మీద వాతలు పెట్టించడమే ఘోరం. డొక్కలు ఎగరేస్తుంటే ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అది ఉన్నా లేకున్నా, పాలు తాగలేకపోయినా, లేపినా మగత వదలకపోయినా, ఫిట్స్ వచ్చినా, పెదవులు నీలంగా మారినా ఓపీ టోకెన్ కోసం కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

వెళ్లేటప్పుడు ఇంట్లో వేసిన సిరప్ సీసా వెంట తీసుకెళ్లండి. "తెల్ల మూత మందు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. పారాసిటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది, గదిలోకి పంపేముందు తూకం వేసేది అందుకే. కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున పది కిలోల బిడ్డకు ఒక్కసారికి 150. అయిదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే ఆరు మిల్లీలీటర్లు, 250 ఉండే సిరప్ అయితే మూడే. చుక్కల మందు ఇంకా చిక్కన. ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉండే రకం అయితే ఒకటిన్నర చాలు, దాన్ని సిరప్ లెక్కన ఆరు మిల్లీలీటర్లు పోస్తే నాలుగు రెట్లు లోపలికి పోయినట్టే.