పాము కాటు నయమయ్యాక మిగిలిపోయే భయం: అపోహలు – వాస్తవాలు

వానలు పడి నాట్లు మొదలయ్యాయంటే దివిసీమ ఆసుపత్రులకు పాము కాటు కేసులు వరుస కడతాయి. తెలంగాణ వరి, పత్తి చేలల్లోనూ అదే కాలం. దేశంలో 2000–2019 మధ్య సుమారు 12 లక్షల మంది పాము కాటుతో చనిపోయారని అంచనా. ఏడాదికి సగటున 58,000 మంది. వాటిలో దాదాపు సగం మరణాలు జూన్–సెప్టెంబరు నెలల్లోనే.

ఇది పోయినవారి లెక్క. బతికి ఇంటికొచ్చినవారి సంగతి డిశ్చార్జి కాగితంతో ముగిసిపోతోంది. శ్రీలంకలో కాటు పడి ఏడాది దాటిన 88 మందిని పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 21.6 శాతం మందికి పీటీఎస్‌డీ (ప్రాణాపాయం లాంటి ఘటన తర్వాత మనసులో మిగిలిపోయే గాయం) ఉన్నట్టు తేలింది. సగానికి పైగా మందిలో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. మన ఊళ్లలో ఈ భయం చుట్టూ అల్లుకున్న అపోహలు, భయంకన్నా ఎక్కువగా మనిషిని కోలుకోనివ్వడం లేదు. అందుకే ఈ వివరాలు.

అపోహ: ప్రాణం దక్కింది కదా, ఇంకా భయమేంటి? మనసు గట్టి చేసుకుంటే చాలు.

కట్లపాము కాటు తీరు తెలిస్తే ఈ మాట అనలేం. అది ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. కోరల గుర్తు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, ఆ తర్వాత రెప్పలు వాలిపోవడం. విషం నరాలకూ కండరాలకూ మధ్య సంకేతం అందకుండా చేస్తుంది కాబట్టి వేలు కదపలేరు, కళ్లు తెరవలేరు, ఊపిరి తీసుకోలేరు. చూసేవారికి మనిషి అయిపోయినట్టే ఉంటుంది. కానీ స్పృహ ఉండొచ్చు, చెవులు పనిచేస్తూనే ఉండొచ్చు. మంచం పక్కన ‘ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అన్న మాట, భార్య ఏడుపు, గొంతులోకి గొట్టం దిగడం అన్నీ ఆ మనిషికి తెలుస్తూనే ఉంటాయి. ‘వద్దు’ అనడానికి పెదవి కదలదు.

అందుకే ఐసీయూలో పనిచేసేవారికి, పక్కన ఉండే బంధువులకు చెప్పేది ఒక్కటే. రోగిని ముట్టుకునే ప్రతిసారీ పేరు పెట్టి పిలవండి. ‘మీరు ఆసుపత్రిలో ఉన్నారు, మందు పడింది, మిషన్ మీ బదులు ఊపిరి తీస్తోంది, కదలలేకపోవడం విషం వల్లే, అది తగ్గుతుంది’ అని చెప్పండి. మంచం దగ్గర ఆశ వదులుకునే మాటలు మాట్లాడకండి. గొట్టం తీశాక, ‘ఆ సమయంలో మీకేమైనా వినిపించిందా?’ అని ఒకసారి నెమ్మదిగా అడగండి. చాలామంది ఈ విషయం ఎవరికీ చెప్పుకోరు, నమ్మరేమోనని.

మొదటి నెలలో ఉలికిపాటు, నిద్ర పట్టకపోవడం, కాటు పడిన చోటికి వెళ్లలేకపోవడం ఎవరికైనా సహజం. ఎక్కువమందిలో వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటాక కూడా కాటు దృశ్యం అడగకుండానే కళ్ల ముందుకొస్తుంటే, పొలం పని మానేస్తుంటే, గడ్డి కదిలితే గుండె దడదడలాడుతుంటే, ఇంట్లోవాళ్లతో ముభావంగా మారితే అది చికిత్స కావాల్సిన స్థితి. పిరికితనంతో దానికి సంబంధం లేదు.

అపోహ: పాము పగబట్టింది, మళ్లీ వస్తుంది.

మనసుకు అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది ఈ నమ్మకమే. ప్రమాదం గడిచిపోయిందని మెదడుకు నచ్చజెప్పడమే చికిత్స అయితే, అది ఇంకా దారిలోనే ఉందని ఊరంతా చెబుతుంది.

ఒక మనిషిని గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ రావడం పాము చేసే పని కాదు. పాములు జంటగా కాపురం ఉండవు, చచ్చిన జత కోసం పగ తీర్చుకోవు. అదే ఇంటి దగ్గర రెండోసారి పాము కనిపిస్తే అక్కడ దానికి ఎలుకలో, కప్పలో, కోడిగుడ్లో దొరుకుతున్నాయని అర్థం. కట్టెల మోపు, పిడకల గూడు గోడకు ఆనించి ఉంటే దూరంగా జరపండి. గోడ కింది బొక్కలు సిమెంటుతో మూయండి. ధాన్యం బస్తాలు బల్ల మీదకు ఎక్కించండి. ఈ పని కాటు పడిన మనిషి చేత్తోనే, పట్టపగలు, పక్కన ఒకరు తోడుండగా చేయిస్తే ఇల్లు మళ్లీ తన అదుపులోకి వచ్చిందన్న ధైర్యం కలుగుతుంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన 5 నుంచి 14 రోజుల మధ్య జ్వరం, కీళ్ల నొప్పులు, దురద, దద్దుర్లు వస్తే ‘పగ తిరగబెట్టింది’ అంటారు. అది సీరమ్ సిక్‌నెస్. గుర్రాల రక్తం నుంచి తయారైన యాంటీవెనమ్ (విషానికి విరుగుడు మందు)కు మన శరీరం ఆలస్యంగా చూపే ప్రతిస్పందన. మాత్రలతో తగ్గిపోతుంది. ఇలా రావచ్చని డిశ్చార్జి రోజే చెప్పి పంపితే సగం భయం పుట్టదు.

నాగుల చవితికి పుట్ట దగ్గరకు వెళ్లడం, మోపిదేవిలో మొక్కు తీర్చుకోవడం ఊరటనిస్తే మేం ఆపమని చెప్పం. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ‘ఏ జన్మలోనో పామును చంపి ఉంటావు, నీ దోషం వల్లే’ అన్న నింద దగ్గర. తన తప్పే అనుకునే మనిషి కోలుకోవడం బాగా ఆలస్యమవుతుంది. పరిహారం కోసం చేసిన అప్పు ఆ భారాన్ని రెట్టింపు చేస్తుంది.

అపోహ: నీరసం తగ్గలేదంటే విషం ఇంకా ఒంట్లో ఉన్నట్టే.

నెలల తరబడి ఉప్పు లేని పథ్యం, పసరు వైద్యం, కాటు చోట మళ్లీ గాట్లు, అన్నీ ఈ మాట మీదే నడుస్తాయి. నెలల తర్వాత ఒంట్లో విషం తిరుగుతూ ఉండదు. అయితే ‘అంతా నీ మనసులోనే ఉంది’ అని తేల్చేయడం కూడా తప్పే. ముఖ్యంగా రక్తపింజర కాటు విషయంలో.

రక్తపింజర విషంతో కిడ్నీలు దెబ్బతిన్నవారిలో కొందరికి మెదడు అడుగున ఉండి హార్మోన్లను నడిపించే పిట్యూటరీ గ్రంథి కూడా దెబ్బతింటుంది. ఇది నెలలు, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఎడతెగని నీరసం, చలికి తట్టుకోలేకపోవడం, బీపీ తగ్గడం, మగవారిలో గడ్డం పలచబడటం, ఆడవారిలో నెలసరి ఆగిపోవడం, ఇద్దరిలోనూ కోరిక తగ్గడం. చూడటానికి అచ్చం డిప్రెషన్‌లా ఉంటుంది. డిప్రెషన్ మాత్రలు ఎన్ని వాడినా తగ్గదు.

కాబట్టి రక్తపింజర కాటు తర్వాత దిగులు, నీరసం అంటూ వచ్చినవారికి కిడ్నీల కోసం చేసే క్రియాటినిన్‌తో పాటు ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ అనే హార్మోన్ పరీక్ష, థైరాయిడ్‌కు చేసే ఫ్రీ టీ4, టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించాలి. టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే నార్మల్ అని వచ్చి అసలు సంగతి తప్పిపోతుంది, ఎందుకంటే లోపం థైరాయిడ్‌లో లేదు, దానికి ఆజ్ఞ ఇచ్చే గ్రంథిలో ఉంది. కార్టిసాల్ తక్కువ ఉంటే ముందు దాన్ని సరిచేసి, ఆ తర్వాతే థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) మొదలుపెట్టాలి. వరుస తిరగబడితే ప్రాణం మీదకు వస్తుంది.

అపోహ: జరిగినదంతా వెంటనే కక్కించేస్తే భారం దిగిపోతుంది.

మొదటి రోజుల్లోనే కూర్చోబెట్టి కాటు కథంతా ఒక్క విడతలో చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ ఆగదని పరిశోధనలు తేల్చాయి. కొందరికి అది హాని చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దనే చెబుతోంది. పరామర్శకు వచ్చిన ప్రతివారికీ మళ్లీ మళ్లీ చెప్పించడం కూడా ఇలాంటిదే. ఆ పని ఇంట్లో ఒకరు తీసుకుని, వచ్చినవారికి తామే చెప్పి పంపాలి. అలాగని మాటెత్తనివ్వకపోవడమూ సరికాదు. తనంతట తాను చెబితే వినండి, మధ్యలో సలహాలివ్వకండి, అంతే.

నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో అల్ప్రాజోలం లాంటి మాత్రలు కొని వేయడం మొదటి నెలలో చేయకూడని పని. అవి పీటీఎస్‌డీని ఆపవు, అలవాటు మాత్రం పడతాయి. మద్యం సంగతీ అంతే.

అపోహ: పాము భయం పుట్టుకతోనే వస్తుంది, ఏం చేసినా పోదు.

1980ల్లో అమెరికాలో సూజన్ మినేకా, మైకేల్ కుక్ చేసిన ప్రయోగాలు ఇక్కడ చాలా ఉపయోగపడతాయి. ల్యాబ్‌లో పుట్టి పెరిగిన రీసస్ కోతులు పామును చూసి భయపడలేదు. అడవిలో పెరిగిన కోతి భయపడటం వీడియోలో చూపిస్తే వెంటనే నేర్చుకున్నాయి. వీడియోను మార్చి, కోతి పువ్వును చూసి భయపడుతున్నట్టు చూపిస్తే మాత్రం పువ్వు భయం నేర్చుకోలేదు. పసిపిల్లలూ అంతే. భయపడుతున్న గొంతు వినిపిస్తే పాము దృశ్యాన్ని ఎక్కువసేపు చూస్తారు, అంతమాత్రాన ఏడవరు. 2013లో జపాన్ పరిశోధకులు కోతి మెదడులో పాము బొమ్మకు మిగతా వాటికన్నా త్వరగా, గట్టిగా స్పందించే నాడీకణాలను గుర్తించారు.

పాము మీదకు చూపు పోవడం మనకు పుట్టుకతో వచ్చింది. భయాన్ని మనం చుట్టూ ఉన్నవారి నుంచి నేర్చుకున్నాం. నేర్చుకున్నది కాబట్టే మార్చుకోగలం. ఇంట్లో పిల్లలుంటే పెద్దల కేకే వారికి పాఠమవుతుందని గుర్తుంచుకోండి.

అపోహ: రోజంతా పాముల వీడియోలే చూస్తున్నాడంటే భయం పోయినట్టే.

చూపును లాగే ఆ గుణమే ఆకర్షణకూ మూలం. జాతర్లో పాములవాడి బుట్ట చుట్టూ మూగినా, అర్ధరాత్రి ఫోన్‌లో పాములు పట్టేవారి వీడియోలు తిరగేసినా కారణం ఒకటే. కాటు తర్వాత ఈ ఆకర్షణ రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి నయం చేస్తుంది, ఒకటి గాయాన్ని పుండుగానే ఉంచుతుంది. తేడా చూసినదాన్ని బట్టి కాదు, చూశాక జరిగేదాన్ని బట్టి తెలుస్తుంది. ఫోన్ పక్కన పెట్టగలుగుతున్నాడా? ఆ రాత్రి నిద్ర పడుతోందా? కాటు వేసే దృశ్యాలే వెతుకుతున్నాడా, లేక పాము నడక, తిండి, రంగు లాంటివి గమనిస్తున్నాడా? నిద్ర చెడుతూ, కాటు దృశ్యాలే మళ్లీ మళ్లీ చూస్తుంటే అది ప్రమాదం ఎటు నుంచి వస్తుందోనని కాపలా కాయడమే.

ఫోన్ లాక్కోవడం కన్నా తీరు మార్చడం మేలు. పగటిపూట, 20 నిమిషాలు, కొత్తవి వెతక్కుండా ఒకే వీడియోను విసుగు పుట్టేదాకా. తర్వాత ఆ ఆసక్తిని గుర్తింపు వైపు మళ్లించండి. నల్లగా మెరిసే కట్లపాముకి సన్నని తెల్ల చారలు తల వెనక కొంతదూరం వదిలి మొదలై, తోక వైపు స్పష్టమవుతాయి. వీపు మధ్య వరుసలో పొలుసులు పెద్దవిగా, ఆరు కోణాలతో ఉంటాయి. దాన్ని పోలిన ఒక విషంలేని పాముకి చారలు మెడ దగ్గరే మొదలై తోక వైపు మాసిపోతాయి. ఇలాంటి తేడాలు ఫొటోల్లో పట్టుకోవడం నేర్చిన మనిషికి ‘ప్రతి పామూ చావే’ అన్న భావన సడలుతుంది. ఫొటోల్లోనే సుమా, ఎదురుగా పాము ఉంటే గుర్తింపు పరీక్ష పెట్టుకోకూడదు, దూరం జరగాలి.

అపోహ: ఒకసారి పామును చేతికిస్తే భయం దెబ్బకు పోతుంది.

సినిమాల్లో పోతుంది. సిద్ధంగా లేని మనిషి చేతిలో పెడితే అతను విదిలించుకుని పారిపోతాడు, పారిపోతేనే బతికానని మెదడు రాసుకుంటుంది. భయం ఇంకా ముదురుతుంది. పాములను పట్టడం, ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. కాటు పడకుండానే ఉన్న మామూలు పాము ఫోబియాకు నిపుణుల దగ్గర 3 గంటల దాకా సాగే ఒకే సిటింగ్ చికిత్స ఉంది. కాటు గాయం ఉన్నవారికి అది సరిపోదు. వారికి వారానికో సిటింగ్, 60–90 నిమిషాల చొప్పున 8 నుంచి 15 వారాలు పడుతుంది.

పద్ధతి మెట్లు ఎక్కినట్టే. ముందు భయపెట్టే పరిస్థితులన్నీ రాసి, ఒక్కోదానికి 0 నుంచి 100 వరకు భయం మార్కులు వేయించాలి. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే అంటారు కదా, చాలామందికి అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పెరట్లో నీళ్ల పైపు పక్కన నిలబడటం 30 అయితే, పాము ఫొటో 40, శబ్దం లేని వీడియో 50, పగలు తోడుతో చేను గట్టు 60, పగలు ఒంటరిగా గట్టు 75, చీకటి పడ్డాక టార్చితో మోటారు వేయడానికి వెళ్లడం 90. 30–40 దగ్గర మొదలుపెట్టి, ఆ మార్కు సగానికి పడేదాకా అక్కడే ఉండాలి. సాధారణంగా 30 నుంచి 45 నిమిషాలు. అదే మెట్టు వారంలో నాలుగైదు సార్లు చేసి, మొదలులోనే మార్కు తక్కువగా ఉన్నప్పుడు పై మెట్టుకు వెళ్లాలి.

ఎక్కువగా చెడేది ఒక్కచోటే. మార్కు 80కి ఎగసిన క్షణంలో ‘సరే, ఇవాళ్టికి చాలు’ అని జాలిపడి ఇంటికి తీసుకురావడం. అలా ఆపాల్సి వస్తే ఆ మెట్టు పెద్దదైందని అర్థం. మధ్యలో ఇంకో చిన్న మెట్టు పెట్టండి.

అపోహ: జాగ్రత్తలన్నీ మానేస్తేనే పూర్తిగా కోలుకున్నట్టు.

పట్నంలో ఫోబియాకు చెప్పే మాట పల్లెలో చెప్పకూడదు. ఇక్కడ పాము నిజం. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, టార్చి, ముందు కర్రతో తట్టడం, మంచం మీద పడుకుని దోమతెర అంచులు పరుపు కిందకు దోపడం ఎప్పటికీ ఉండాల్సినవే. కట్లపాము కాటును ఆపడంలో ఆ దోపిన తెరకు సాటి లేదు. పడుకునే ముందు పక్క దులిపి ఒకసారి టార్చి వేసి చూడటం జాగ్రత్త. పది నిమిషాలకోసారి లేచి చూడటం, లైటు ఆర్పనివ్వకపోవడం, పిల్లల్ని వాకిట్లోకి పోనివ్వకపోవడం గాయం చేయిస్తున్న పని. ఒక నియమం పెట్టుకోండి: ఒకే ఒక్క తనిఖీ, ఇంట్లో మరొకరు చూస్తుండగా, ఆ తర్వాత తెర తీయకూడదు.

పాము కలలకు కూడా దారి ఉంది. పగలు ఆ కలను కాగితం మీద రాసి, ముగింపును నచ్చినట్టు మార్చి, మార్చిన కలను రోజూ 10–20 నిమిషాలు కళ్లు మూసుకుని మనసులో నడిపించాలి. పడుకునే ముందు కాదు, సాయంత్రం లోపే.

నెల దాటినా పొలం, నిద్ర, ఇల్లు దారిలో పడకపోతే జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. చావాలనిపిస్తోందన్న మాట వినబడితే నెల దాకా ఆగకండి, ఆ రోజే వెళ్లండి. డాక్టరు సెర్ట్రలిన్ లాంటి మందు రాస్తే గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. పది రోజులకే పనిచేయలేదని ఆపేయడం, రెండు నెలలకు బాగుందని మానేయడం రెండూ తప్పే. గుణం కనిపించాక కూడా ఏడాది పాటు కొనసాగించి, డాక్టరు చెప్పిన తీరులో మెల్లగా తగ్గించాలి.