కారులో పాట బాగా వినిపించాలంటే: పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. కారులో పాట శుభ్రంగా వినాలని ఉందనీ, ఏ యాంప్లిఫయర్ (స్టీరియో నుంచి వచ్చే పాట సిగ్నల్‌ను పెంచి స్పీకర్లకు ఇచ్చే పెట్టె) కొంటే మంచిదో చెప్పమనీ అడిగారు. నాలుగు స్పీకర్లకు ఒక్కొక్కదానికి 50 వాట్లు ఇచ్చేది ఏదైనా సరిపోతుంది. మిగిలిన డబ్బును మంచి రాగి వైరుకు ఖర్చు పెట్టండి. పాట నాణ్యత చెడేది ఎక్కువగా యాంప్లిఫయర్ లోపల కాదు, దాని దాకా కరెంటు వెళ్లి తిరిగి వచ్చే దారిలో.

ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ వద్ద సుమారు 13.8 వోల్టులు ఉంటాయి. మొత్తం 200 వాట్లు బయటికి ఇచ్చే యాంప్లిఫయర్, నూటికి 60 వంతుల సామర్థ్యంతో పనిచేస్తే, 333 వాట్లు లోపలికి తీసుకుంటుంది, అంటే దాదాపు 24 ఆంపియర్లు. అయిదు మీటర్ల పొడవున 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే అంత కరెంటుకు దారిలోనే 0.8 వోల్టు పోతుంది. 8 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే పోయేది పావు వోల్టు మాత్రమే. పైకి రాగిలా మెరుస్తూ లోపల అల్యూమినియం ఉండే వైర్లు కూడా దొరుకుతాయి. వాటి నిరోధం ఎక్కువ కాబట్టి కొనేముందు కొసను గీకి చూడండి.

పని మొదలుపెట్టేటప్పుడు పెద్దవారిని పక్కన ఉంచుకుని, ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరును విప్పండి. పాజిటివ్‌ను ముందు విప్పితే, స్పానర్ పొరపాటున కారు రేకుకు తగిలిన క్షణంలో పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీకి జానెడు రెండు జానల దూరంలోనే 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. అది కాపాడేది యాంప్లిఫయర్‌ను కాదు, వైరును. ఇంజను గది రేకు గోడలోని రంధ్రం గుండా వైరు వెళ్లేచోట రబ్బరు వాషరు తప్పనిసరి, ఎందుకంటే రేకు అంచు కదలికకు పైతొడుగును కోస్తే, ఫ్యూజు లేని వైరు మంట పుట్టిస్తుంది.

ఇక ఎర్తు గురించి, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లేందుకు యాంప్లిఫయర్ నుంచి కారు రేకుకు బిగించే వైరు గురించి, కాస్త వివరంగా రాస్తాను, నేను ఎక్కువగా కష్టపడింది అక్కడే. ఒకసారి నా కారులో ఇంజను వేగం పెరిగే కొద్దీ స్పీకర్లలో సన్నని ఈల పెరుగుతూ వచ్చింది. రెండు వారాలపాటు సిగ్నల్ వైర్లు (స్టీరియో నుంచి యాంప్లిఫయర్‌కు పాటను తెచ్చేవి) మార్చి చూశాను, ఫలితం లేదు. చివరకు పాట గట్టిగా పెట్టి, వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒక మొనను యాంప్లిఫయర్ ఎర్తు స్క్రూకు, రెండోదాన్ని బ్యాటరీ నెగటివ్‌కు ఆనించి చూస్తే ఒక వోల్టుకు పైగా చూపించింది. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి. లగ్గును (ఎర్తు వైరు కొసన ఉండే లోహపు రింగును) కారు రేకుకు బిగించిన బోల్టు కింద రంగు పొర అలాగే ఉంది. బోల్టు విప్పి, నాణెమంత చోటును ఉప్పుకాగితంతో రుద్ది, తెల్లని లోహం కనిపించాక లగ్గును మళ్లీ బిగించాను. తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూశాను. ఈల ఆగిపోయింది. యాంప్లిఫయర్ ఎర్తుకూ స్టీరియో ఎర్తుకూ మధ్య వోల్టేజి తేడా ఉంటే, ఆ తేడా వల్ల సిగ్నల్ వైరు చుట్టూ ఉండే లోహపు అల్లిక గుండా కరెంటు ప్రవహించి, ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే యంత్రం) ఈలను పాటలో కలుపుతుంది. అందుకే ఎర్తు వైరు పాజిటివ్ వైరంత లావుగా, అర మీటరు కన్నా పొట్టిగా ఉండాలి. సీటుబెల్టు బోల్టుకు మాత్రం ఎప్పుడూ కట్టకండి, అది ప్రాణాలకు సంబంధించినది.

సిగ్నల్ వైర్లను కరెంటు వైరుకు ఎదురు పక్కన, కారు రెండో వైపు నుంచి తీసుకెళ్లండి.

స్పీకర్ల ప్లస్, మైనస్ తారుమారైతే ఒక స్పీకర్ కోను (ముందుకూ వెనక్కూ కదిలి శబ్దం పుట్టించే గరాటు లాంటి భాగం) బయటికి తోస్తున్నప్పుడు రెండోది లోపలికి లాగి, లోతైన స్వరాలు రెంటి మధ్య కరిగిపోతాయి. గుర్తు చెరిగిపోయి ఉంటే 1.5 వోల్టుల చిన్న బ్యాటరీని ఒక్క క్షణం ఆనించండి. కోను ముందుకు కదిలితే, బ్యాటరీ ప్లస్ తగిలినదే స్పీకర్ ప్లస్.

చివరగా గెయిన్. అది వాల్యూమ్ కాదు, స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కు యాంప్లిఫయర్‌ను సరిపోల్చే మర. స్పీకర్లు విప్పి, స్టీరియో వాల్యూమ్‌ను నాలుగింట మూడు వంతులకు పెట్టి, 400 హెర్ట్జుల ఒకే స్వరాన్ని వాయించండి. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టులకు మార్చి యాంప్లిఫయర్ స్పీకర్ స్క్రూల మధ్య పెట్టి, 14 వోల్టులు చూపించేవరకు గెయిన్‌ను మెల్లగా తిప్పండి. 14ను 14తో గుణించి, స్పీకర్ నిరోధమైన 4 ఓములతో భాగిస్తే 49 వాట్లు వస్తాయి. అక్కడ ఆగి, స్పీకర్లు మళ్లీ కలిపి, మీకు బాగా తెలిసిన పాట ఒకటి పెట్టి వినండి.

ఇట్లు,
మీ తాతయ్య